పిట్టముక్కు చెప్పే వేళ

అరచేతిలో ఇమిడే ఇత్తడి పలక. మధ్యలో దిక్సూచి, దాని చుట్టూ రోమను అంకెలు, పైన మడిచి నిలబెట్టే ఒక త్రికోణపు రెక్క. ఆ రెక్కను ఆనుకుని ఒక చిన్న పిట్ట, తన ముక్కుతో ఏదో అంకెను చూపిస్తూ వుంటుంది. ఎగ్జిబిషన్లలోనూ, కానుకలమ్మే పెద్ద దుకాణాల్లోనూ ఈ వస్తువును మీరు చూసే వుంటారు. ‘సన్‌డయల్ కంపాసు’ అంటాడు అమ్మేవాడు. ఎండగడియారం అనుకుందాం మనం.

బేరమాడి ఇంటికి తెస్తారు. పిల్లలంతా చుట్టూ మూగుతారు. డాబా మీదికి తీసుకుపోయి ఎండలో పెడతారు. చేతిగడియారంలో మూడవుతుంది, పిట్టగారి నీడ మాత్రం నాలుగు దాటిందంటుంది. ‘‘బొమ్మండీ, నిజం గడియారం కాదు’’ అని ఇంటి ఇల్లాలు తీర్పు చెబుతుంది. దాంతో అది షోకేసులో కొండపల్లి ఏనుగు పక్కకు చేరుతుంది.

ఆ తీర్పు అన్యాయం. బొమ్మ కాదది, పరాయి వూరి గడియారం. దాని వూరు పారిస్.

ఇంగ్లండులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మైకేల్ బటర్‌ఫీల్డ్ అనే పనిముట్ల నిపుణుడు వుండేవాడు. 1724లో పోయాడు. రాజుల కొలువులకు కొలత సాధనాలు చేసి పెట్టినవాడే అయినా, లోకం ఆయన పేరును గుర్తుపెట్టుకున్నది ఈ పిట్ట గడియారం వల్లనే. ఆ నమూనా ఆయన ఒక్కడే చేసింది కాదు. ఆ కాలంలో పారిస్‌లో చాలామంది చేశారు. కాని ఎవరు చేసినా ‘బటర్‌ఫీల్డ్ డయల్’ అనే పేరే నిలిచిపోయింది. వెండితోనో ఇత్తడితోనో చేసి, చేపచర్మపు డబ్బీలో పెట్టి ఇచ్చేవారు. దొరలు దాన్ని కోటుజేబులో వేసుకుని తిరిగేవారు. అప్పటికి జేబుగడియారాలు లేకపోలేదు. కాని అవి రోజూ తప్పేవి. వాటిని దిద్దుకోవడానికి సూర్యుడొక్కడే దిక్కు. అంటే ఒక జేబులో గడియారం, దాని తప్పులు పట్టడానికి రెండో జేబులో ఇంకో గడియారం!

పిట్టముక్కు చూపించేది గంట కాదు, అక్షాంశం. ఇక్కడే వుంది కిటుకంతా. ఎండగడియారం సరిగ్గా పనిచేయాలంటే దాని రెక్క అంచు భూమి ఇరుసుకు సమాంతరంగా నిలవాలి. అంటే మన వూరి అక్షాంశం ఎంతో అంత కోణంలో, ఉత్తరదిక్కుగా లేచి వుండాలి. పారిస్‌కు అది దాదాపు 49 డిగ్రీలు. పక్క వూరికి ప్రయాణమైతే రెక్కను కొంచెం వాల్చో, లేపో ముక్కును ఆ వూరి అంకె మీదికి తెచ్చుకోవాలి. ఏ వూరికి ఎన్ని డిగ్రీలో పలక వెనక చెక్కి వుంటుంది. పలక మీద గంటల గీతలు కూడా ఒక వరుస కాదు, మూడు నాలుగు వరుసలుంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క అక్షాంశానికి. ఇంత ఏర్పాటూ చేసిన ఆ మహానుభావుడు ముక్కు కింద వేసిన అంకెలు మాత్రం సాధారణంగా 40 నుంచి 60 దాకానే. ఆయన కొనుగోలుదార్లు అక్కడే తిరిగేవాళ్ళు మరి. హైదరాబాదు 17 డిగ్రీల 20 చిల్లర నిమిషాలు. విజయవాడ పదహారున్నర. పాపం ఆ పిట్ట మెడ ఎంత వంచినా మన దాకా రాదు.

రాకపోతే ఏమవుతుంది? లెక్క వేసి చూశాను. 49 డిగ్రీల దగ్గర నిలిపిన పలకను హైదరాబాదులో నేల మట్టంగా, దిక్కు సరిచూసి పెట్టామనుకోండి. సూర్యుడి లెక్కన సరిగ్గా మధ్యాహ్నం మూడు గంటలయింది. డిసెంబరు నెలాఖరులో అది సుమారు రెండూ నలభైరెండు అంటుంది. మార్చిలో రాత్రీ పగలూ సమానమైన రోజున మూడూ పద్దెనిమిది. జూన్‌లో నాలుగూ ఎనిమిది! ఒక తేడా స్థిరంగా వుంటే కలుపుకునో తీసేసుకునో గడుపుకోవచ్చు. నెలనెలకూ మారే తేడాతో కాపురం ఎలా చేస్తాం?

అయినా మందు లేకపోలేదు. పలకనే వాల్చాలి. 49 లోంచి 17.4 తీసేస్తే 31.6. పలక దక్షిణపు అంచును అన్ని డిగ్రీలు పైకి లేపితే, రెక్క వంగి మన అక్షాంశానికి దిగుతుంది. పది సెంటీమీటర్ల పొడవుకు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు వచ్చేలా వడ్రంగి చేత ఒక చెక్క వాలు చేయించుకుంటే సరి. ఇప్పుడది హైదరాబాదులో కూర్చుని పారిస్ నేల మీద పడుకున్నట్టు భావిస్తుంది, గంటల గీతలన్నీ మళ్ళీ నిజం చెబుతాయి. ఒక్కటే జాగ్రత్త. అంత వాలులో దిక్సూచి ముల్లు అంచుకు తగిలి ఆగిపోతుంది. అంచేత ముందు చదునుగా పెట్టి ఉత్తరం చూసుకుని, సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత వెంబడి వాలును పెట్టాలి. డాబా కప్పులో ఇనుప ఊచలుంటాయి, జేబులో సెల్‌ఫోను వుంటుంది; వాటి దగ్గర ముల్లు మాట వినదు. చెక్క స్టూలు మీద పెట్టి చూసుకోవడం మేలు.

ఈ నకళ్ళు ఎక్కడివి అంటారా? మన దేశానివే చాలా భాగం. ఉత్తరాఖండ్‌లోని రూర్కీలో 1847లో ఇంజనీరింగు కళాశాల పెట్టారు. కాలవలు తవ్వేవారికీ, భూములు కొలిచేవారికీ పనిముట్లు కావలసివచ్చి, అక్కడ ఇత్తడి సాధనాల పని వేళ్ళూనుకుంది. ఆ చేతులే ఈనాడు ఓడల దిక్సూచులకూ, దుర్భిణులకూ, ఎండగడియారాలకూ నకళ్ళు చేసి దేశదేశాలకు పంపుతున్నాయి. పోత పోసి, చిత్రిక పట్టి, మెరుగు పెట్టే ఆ పనిలో నాకు గౌరవమే కాని చులకన లేదు. ‘ఇది నకలు’ అని చెప్పి అమ్మినంతకాలం నకలు మర్యాదస్తురాలు. చిక్కల్లా అది పాతచీర కట్టుకుని ముత్తవ్వలా నటించినప్పుడే.

అలాంటి ముత్తవ్వ ఒకావిడ మా వియ్యాలవారి గుమ్మం దాకా వచ్చింది.

మా వియ్యంకుడుగారు సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పాతవస్తువులంటే ప్రాణం. ఒక ఆదివారం భోజనాలయ్యాక చెల్లెమ్మగారు నన్ను పెరటి వైపు పిలిచి, ‘‘అన్నయ్యగారూ, మీ బావగారికి ఎవరో ఇత్తడి గడియారం చూపించాడు. మూడువందల ఏళ్ళనాటిదట. లక్షా ఇరవై వేలట. రేపు ముప్ఫైవేలు బయానా ఇస్తారట. నా మోకాలి ఆపరేషనుకని బ్యాంకులో వేసిన డబ్బండీ అది. నేను చెబితే వినరు’’ అన్నది. ఆవిడ గొంతులో కోపంకన్న దిగులెక్కువ వుంది.

పిల్లనిచ్చిన ఇంటి పెద్దమనిషితో ‘మిమ్మల్ని మోసం చేస్తున్నారండీ’ అనడం ఎంత సుఖమైన పనో అనుభవం వున్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. అంచేత, ‘‘బావగారూ, ఏదో అపురూపమైన వస్తువు వచ్చిందట, మాకూ చూపించకూడదూ?’’ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అమ్మేవాడు చూసుకోమని రెండు రోజులు వుంచిపోయాడట. పట్టుగుడ్డ విప్పి బల్ల మీద పెట్టారు. పిట్ట వుంది. పారిస్ పేరు వుంది. బటర్‌ఫీల్డ్ సంతకమూ వుంది. కథ కూడా వుంది: యానాంలో వున్న ఒక ఫ్రెంచి దొర వాడుకున్నదట, ఆయన పోతూ పోతూ వంటవాడికి ఇచ్చాడట. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతుల్లో వున్న మాట నిజమే కనుక, కథ పొందిగ్గానే కుదిరింది.

‘‘మనవడి జామెట్రీ బాక్సు ఏదీ?’’ అన్నాను. మా మనవడు పరుగెత్తుకెళ్ళి తెచ్చాడు. ‘‘బావగారూ, మీరు కోణాలు కొలిచిన చేయి. పన్నెండు గీతకూ ఒంటిగంట గీతకూ మధ్య ఎంతుందో చెప్పండి.’’

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని కోణమానిని ఆనించారు. ‘‘పదిహేను.’’

‘‘అయిదుకూ ఆరుకూ మధ్య?’’

‘‘పదిహేను. అన్నీ పదిహేనే. గంటకు పదిహేను డిగ్రీలు, రోజుకు మూడువందల అరవై. సరిగానే వుంది కదా బావగారూ?’’

అది సరిగా వుండకూడదు. నేల మట్టంగా పడుకునే ఎండగడియారంలో గంటల గీతలు ఎన్నటికీ సమానంగా వుండవు. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు నడిచే మాట నిజమే. కాని ఆ నడక ఇరుసు చుట్టూ జరుగుతుంది. దాని నీడ ఏటవాలుగా నేల మీద పడేసరికి, మధ్యాహ్నం దగ్గర గీతలు దగ్గరగా నొక్కుకుపోయి, ఉదయం సాయంత్రం దూరంగా జరిగిపోతాయి. 49 డిగ్రీల పలక మీద పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య పదకొండున్నర డిగ్రీలకు కాస్త తక్కువ. అయిదుకూ ఆరుకూ మధ్య పందొమ్మిదిన్నర. అదే హైదరాబాదుకు చేస్తే మొదటిది నాలుగున్నర, చివరిది దాదాపు నలభైరెండు! బటర్‌ఫీల్డ్ అంతటివాడు గీతలన్నీ సమానంగా గీశాడంటే, సంగీతవిద్వాంసుడు సరళీస్వరాలు తప్పాడన్నట్టే.

ఇంత ప్రసంగం నేను చేయలేదు లెండి. ఒక కాగితం మీద ఏటవాలు రెక్క గీసి చూపించేసరికి ఆయనే పెన్సిలు లాక్కున్నారు. సర్వే చేసిన బుర్ర కదా. అయిదు నిమిషాలు ఏవేవో గుణకారాలు చేసి, తల పంకించి, ‘‘సైనులు కలపాలి. వీడు కలపలేదు’’ అన్నారు. తరవాత భూతద్దం కూడా ఆయనే తెప్పించారు. చేత్తో, ఉలితో చెక్కిన అక్షరంలో గాడి కోసుగా, ‘వి’ ఆకారంలో దిగుతుంది, మొదట్లో సన్నగా మొదలై మధ్యలో లావెక్కుతుంది. ఆమ్లంతో తినిపించిన అక్షరానికి గాడి అడుగు చదునుగా వుంటుంది. పోతలో వచ్చిన అక్షరం అంచులు సబ్బుబిళ్ళ మీది అక్షరాల్లా మొద్దుబారి వుంటాయి. ఇవి సబ్బుబిళ్ళ రకం. దిక్సూచి బిగించిన మరమేకు తల మీద నక్షత్రంలాంటి గంటు వుంది. అలాంటి మరమేకులు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చినవి. ఇంక పిట్ట సంగతి. అది కదలదు! రెక్కకు అతికించేశారు. ముక్కు శాశ్వతంగా ఒకే అంకె మీద.

‘‘యానాం దొర దీంతో వేళ చూసుకున్నాడంటే భోజనానికి ఏనాడూ సమయానికి వెళ్ళివుండడు’’ అని నవ్వారు మా బావగారు. బయానా మాట మళ్ళీ ఎత్తలేదు. చెల్లెమ్మగారు ఆ సాయంత్రం కాఫీతోపాటు జంతికలు కూడా పెట్టింది. ఆపరేషను ఆ వేసవిలోనే అయింది.

అసలైన పాతది కావాలంటే ప్రదర్శనశాలకు వెళ్ళి అద్దం వెనక చూడడమే ఉత్తమం. కాని అద్దం వెనకున్నదానితో ఎండలో నిలబడలేం. నకలుకు ఆ స్వేచ్ఛ వుంది. ఇటలీలో హెర్క్యులేనియం శిథిలాల్లో 1755లో ఒక విచిత్రమైన కంచు వస్తువు దొరికింది. అచ్చు వేలాడదీసిన పందితొడ ఆకారం! దాని మీద నిలువుగీతలు, వాటి కింద నెలల పేర్లు పొడి అక్షరాల్లో. అడ్డంగా గంటల గీతలు. పందితోకే నీడముల్లు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ఆ వూరిని కప్పేసినప్పుడు దాని కింద పడిపోయిన జేబుగడియారం అది. ఇప్పుడు నేపుల్స్ ప్రదర్శనశాలలో వుంది. తోక కొస విరిగిపోయింది. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు క్రిస్టఫర్ పార్స్‌లో ఈమధ్య, 2017 ప్రాంతంలో, దానికి కంప్యూటరు సాయంతో పొరలుపొరలుగా ముద్రించే పద్ధతిలో నకలు చేయించి, తోక తగిలించి, ఎండలో వేలాడదీశాడు. అది గాలికి వూగుతుంది, పట్టుకున్నవాడి చెయ్యి వణుకుతుంది. అయినా వేళ చెప్పింది. రెండువేల ఏళ్ళనాటి ఆ కంచుముక్క పనిచేసే పనిముట్టే అని ప్రత్యక్షంగా చూపించింది నకలే కదా!

ఇంగ్లండులో కాంటర్‌బరీ చర్చి ఆవరణలో 1938లో దొరికిన వెండిబిళ్ళ ఇంకా ముద్దుగా వుంటుంది. పదో శతాబ్దంవాళ్ళది. పక్కకు మూడు గడులు, గడికి రెండేసి నెలల చొప్పున రెండు పక్కలకూ కలిపి పన్నెండు నెలలు. ఆ నెల గడిలోని రంధ్రంలో చిన్న పుల్ల గుచ్చి గొలుసుతో వేలాడదీస్తే, నీడ పొడుగును బట్టి పొద్దు తెలుస్తుంది. దానికీ నకళ్ళు వున్నాయి. 1545లో మునిగి 1982లో పైకి తేలిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో కూడా నావికుల జేబు ఎండగడియారాలు బయటపడ్డాయి.

జర్మనీలో నూరెంబర్గు పట్నంలో దిక్సూచులు చేసేవారిదొక సంఘమే వుండేది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో వాళ్ళు ఏనుగుదంతంతో చిన్న పుస్తకంలాంటి గడియారాలు చేశారు. రెండు పలకలు, మధ్య మడతబందు. తెరవగానే పై పలకకూ కింది పలకకూ మధ్య ఒక దారం బిగుసుకుంటుంది. ఆ దారపు నీడే గంటల ముల్లు. దారం కట్టే రంధ్రాన్ని మార్చుకుంటూ పోతే వూరు మారినా పనిచేస్తుంది. ఏనుగుదంతపు అంతర్జాతీయ వ్యాపారానికి 1990 నుంచి నిషేధం వుంది కాబట్టి ఇప్పుడు నకళ్ళు కర్రతోనో ఎముకతోనో చేస్తున్నారు, అదే మంచిది కూడాను. వీటి అందానికి నేను దాసుణ్ణి. కాని రంధ్రాలు యూరపు వూళ్ళకే సరిపోతాయి. మన దగ్గర మళ్ళీ పిట్ట కథే.

ఈ దిక్సూచుల్లో ఇంకో రహస్యం వుంది. అయస్కాంతపు ముల్లు నిజమైన ఉత్తరాన్ని చూపదు, కాస్త పక్కకు చూపుతుంది. ఆ పక్క కూడా కాలాన్ని బట్టి మారుతుంది. లండన్‌లో 1580లో అది తూర్పుకు పదకొండు డిగ్రీలు. 1820 ప్రాంతానికి పడమరకు ఇరవైనాలుగు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ ప్రదర్శనశాలలో వున్న 1451నాటి మడత గడియారంలోనే ముల్లు ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టి వుంది. అంటే కొలంబస్ ఓడెక్కకముందే గడియారాలవాళ్ళకు ఈ సంగతి తెలుసన్నమాట. నకలు చేసేవాడు నమ్మకంగా ఆ పాతగీతను కూడా దించేస్తాడు. మీరు దాన్ని పట్టించుకోకండి. మన ప్రాంతంలో ఈనాడు తేడా పడమరకు ఒక డిగ్రీ పాటిదే.

ఇంతకీ మనవాళ్ళు ఏ నకలు కొనుక్కోవాలి అని అడగబోతున్నారు. ఆగ్స్‌బర్గు రకం కొనుక్కోండి. జొహన్ మార్టిన్, ఆండ్రియాస్ వోగ్లర్ లాంటి పనివాళ్ళు పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాల్లో చేసిన నమూనా. ఎనిమిది పలకల బిళ్ళ, మధ్య దిక్సూచి, దాని మీద లేపగలిగే గంటల వలయం, పక్కన డిగ్రీల చాపం. ఆ వలయాన్ని భూమధ్యరేఖకు సమాంతరంగా నిలుపుతాం కనుక దాని మీద గంటల గీతలు సమానంగానే వుంటాయి, పదిహేనేసి డిగ్రీలు. (మా బావగారి వస్తువు చేసినవాడు బహుశా ఈ రెంటినీ కలగలిపేసి వుంటాడు.) ఇలాంటివాటిలో చాలావాటికి చాపం సున్న నుంచి తొంభైదాకా వుంటుంది. కొనేముందు చాపం మీద 17 వుందో లేదో చూడండి. లేకపోతే వొద్దనండి. మార్చి చివరినుంచి సెప్టెంబరు దాకా వలయం ఉత్తరపు ముఖం మీద, తతిమ్మా ఆరునెలలూ దక్షిణపు ముఖం మీద నీడ పడుతుంది.

గొర్రెలకాపరి గడియారమని ఒకటి కూడా వస్తున్నది. పిడికిట్లో పట్టే కర్ర స్తంభం, పైన నీడముల్లు, చుట్టూ వంకర గీతలు. 1533లో హోల్బీన్ చిత్రించిన ‘రాయబారులు’ అనే పెద్ద పటంలో అలమారు మీద ఒకటి కనిపిస్తుంది. ఆ పటం లండన్ నేషనల్ గాలరీలో వుంది. దిక్సూచితో పని లేదు, సూర్యుడి ఎత్తును బట్టి చెబుతుంది. చౌక, సొంపు. కాని మనకు పనికిరాదు, అక్షాంశం తేడా వల్లనే కాదు సుమా. సూర్యుడు నెత్తిమీదికి వస్తున్నకొద్దీ నిలువుస్తంభం మీద నీడ సాగిపోతుంది. ఎనభై డిగ్రీల ఎత్తుకు ముల్లు పొడుగుకు అయిదున్నర రెట్లు దాటుతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వుంటాడు. అప్పుడు నీడ స్తంభం దాటి, చెయ్యి దాటి, పాతాళానికి పోతుంది. పిరనీస్ కొండల కాపరికి ఆ బాధ లేదు.

మనవాళ్ళు దీనికి కర్ర పొడుగు పెంచారు. గ్రహలాఘవం రాసిన గణేశ దైవజ్ఞుడు పదహారో శతాబ్దంలో ‘ప్రతోద యంత్రం’ అని ఇలాంటిదాన్ని గురించే ఒక చిన్న గ్రంథం రాశాడు. ప్రతోదమంటే కొరడా, చాబుకు యంత్రమనీ అన్నారు. హిమాలయాల వైపు యాత్రికుల దగ్గర ఎనిమిది పలకల చేతికర్రలు వుండేవి. ఏ నెలకు ఆ పలక, పైన రంధ్రంలో పుల్ల గుచ్చితే నీడ ఘడియల గీత మీద పడుతుంది. నడవడానికి కర్ర, వేళకు గడియారం. వాటిలో కొన్ని ఇప్పుడు యూరపు ప్రదర్శనశాలల్లో వున్నాయి. మన దేశపు ఇలాంటి యంత్రాలన్నిటినీ దేశదేశాలూ గాలించి పట్టికకెక్కించిన పండితుడు శ్రీరాముల రాజేశ్వరశర్మగారు. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులుగా పనిచేశారు. ఇత్తడి దిక్సూచుల నకళ్ళు ఇన్ని చేసే మనదేశంలో ఈ చేతికర్రకు నకలు ఎందుకు అంగట్లో కనిపించదో నాకు అర్థం కాదు. తిరుపతి కొండ నడిచి ఎక్కేవారికి ఎంత బాగుంటుంది!

చివరికి ఒక పేచీ మిగిలింది. గడియారం సరైనది, వాలు సరైనది, దిక్కు సరైనది, అయినా చేతిగడియారంతో కలవదు. కలవకూడదు. సూర్యుడు ఏ వూరి వేళ ఆ వూరికే చెబుతాడు. మన చేతిగడియారం 1906లో పెట్టిన దేశకాలాన్ని చెబుతుంది, అంటే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశం వేళ. ఆ రేఖ మన కాకినాడ పక్కనుంచే పోతుంది. కలకత్తావాళ్ళు 1948 దాకా, బొంబాయివాళ్ళు 1955 దాకా మా వేళ మాదే అని పట్టుబట్టారు కూడాను. కాకినాడవారికి ఈ తేడా ఒక్క నిమిషం. విజయవాడలో ఎండగడియారానికి ఏడున్నర నిమిషాలు కలుపుకోవాలి, హైదరాబాదులో పదహారు. విశాఖపట్నంలో మూడు తీసేయాలి.

దీనికితోడు సూర్యుడి నడకలోనే ఏడాది పొడుగునా హెచ్చుతగ్గులున్నాయి. ఫిబ్రవరి నడుమ ఆయన పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో సమంగా వుంటాడు. అంచేత హైదరాబాదువారు ఫిబ్రవరిలో అరగంట కలుపుకోవాలి. నవంబరు మొదటివారంలో ఏమీ కలుపుకోనక్కరలేదు. పదహారుకు పదహారు పోయి, ఎండగడియారమూ చేతిగడియారమూ ఒకే మాట మాట్లాడతాయి. బడిపిల్లలకు చూపించడానికి అంతకన్న మంచి వారం లేదు.

ఇత్తడిది కొనే స్తోమతు లేకపోతే అట్టముక్క చాలు. గుండ్రంగా కత్తిరించి, రెండు ముఖాల మీదా గంటకు పదిహేను డిగ్రీల చొప్పున గీతలు గీసి, నడిమధ్య పెన్సిలు గుచ్చండి. అట్ట దాదాపు నిలువుగా నిలవాలి. పెన్సిలు ఉత్తరంగా పదిహేడు డిగ్రీలు పైకి చూడాలి. ఆ పదిహేడు సరో కాదో తేల్చుకోవడానికి మన సిద్ధాంతుల పాతపద్ధతి వుండనే వుంది: రాత్రీ పగలూ సమానమైన రోజున, మార్చి 20, 21 తేదీల్లో, పన్నెండు అంగుళాల శంకువుకు మధ్యాహ్నపు నీడ ఎంతో అది ఆ వూరి పలభ. పన్నెండు సెంటీమీటర్ల పుల్లతో చూసినా నిష్పత్తి అదే. హైదరాబాదులో ఆ రోజు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైమూడుకు నీడ మూడూ ముప్పాతిక సెంటీమీటర్లుండాలి. విజయవాడలో పన్నెండుంబావుకు మూడున్నర పైచిలుకు. విశాఖలో మూడూ ఎనభైమూడు. తిరుపతిలో మూడుకు ఒక చుక్క తక్కువ. మా మనవడు నోటుబుక్కులో కొలిచి రాసుకున్న అంకె మూడూ ఏడు. పుల్ల కాస్త వంకరగా వుందని వాళ్ళ తాతగారు, అంటే మా బావగారు, వడ్రంగిచేత ఇంకోటి చేయించారు. సెప్టెంబరు 23 కోసం ఇద్దరూ కాచుకుని వున్నారు.